నాస్తికుడు, పాస్టరు, ఒక చంద్రగ్రహణం

మొదటి రోజు: శనివారం, 2025 సెప్టెంబరు 6

మా బావ పాస్టరు. నేను నాస్తికుణ్ణి. ఇద్దరం గుంటూరులో ఒకే చర్చిలో, ఒకే సండే స్కూలు చాప మీద పెరిగాం. ఆయన మా అక్కను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. నేను ఇంటర్మీడియట్‌లో హేతువాది అబ్రహాం కోవూరు రాసినవి తెలుగులో చదివి బయటికి వచ్చేశాను. కోవూరు కూడా కేరళ మార్తోమా చర్చి పాదిరీ కొడుకేనని ఆ తర్వాత ఎప్పటికో తెలిసింది. ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. మూడు పూటలా దేవుడి మాట వినిపించే ఇంట్లోనే ప్రశ్నలు ఎక్కువగా మొలుస్తాయి.

ఈ ప్రయాణం బావ పనే. వాళ్ళ నాయనమ్మ 1949లో క్షయ వచ్చి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో పద్నాలుగు నెలలు ఉంది. బతికి వచ్చింది, ఆ తర్వాత నలభై ఏళ్ళు సంసారం చేసింది. ఆవిడ ట్రంకు పెట్టెలో మొన్న ఒక అట్ట దొరికింది. దాన్ని తీసుకుని ఆ చోటు చూడాలని బావ కోరిక. నాకూ ఒక కారణముంది. నా మేనకోడలు, అంటే ఆయన కూతురు, తిరుపతిలో ఉండి వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. దాన్ని చూసి ఏడాది దాటింది.

తిరుపతిలో రైలు దిగేసరికి స్టేషనులో అందరి నోటా ఒకటే మాట, గ్రహణం. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు కొండ మీద గుడి మూసేస్తారట, మళ్ళీ తెల్లవారుజామున మూడింటికే తీస్తారట. ఆ లోపల దర్శనం అవుతుందా అని ఒక పెద్దాయన తెల్ల అంగీ చూసి మా బావనే అడిగాడు. బావ ఏమాత్రం తడబడకుండా, టోకెను ఉంటే అవుతుందండీ, త్వరగా బయలుదేరండి, అన్నాడు.

సాయంత్రం చంద్రగిరి వెళ్ళాం. ఊళ్ళో వినాయక నిమజ్జనాలు, డప్పులు, రంగులు. ఆటో అరగంట కదలలేదు. రాజమహల్ మెట్ల మీద కూర్చున్నాక నేనే మొదలుపెట్టాను. 1598లో జెసూట్ పాదిరీలు ఈ ఊరికి వచ్చారు, రెండవ వెంకటపతి రాయలు వాళ్ళను ఆదరించాడు. అదే రోజుల్లో అదే సంఘానికి చెందిన క్లావియస్ రోములో లెక్కలు చెబుతున్నాడు. 1582లో అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15 వచ్చేలా కేలండరు సరిచేసినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. అంత తంటా ఎందుకయ్యా అంటే ఈస్టరు కోసం. పండుగ తేదీ తప్పకూడదని చంద్రుణ్ణి లెక్కపెట్టారు.

"ఇంత మెచ్చుకున్నావంటే వెనక ఏదో ఉంది," అన్నాడు బావ.

ఉంది. "అదే చర్చి 1633లో గెలీలియోను మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. తప్పు జరిగిందని పోపు ఒప్పుకున్నది 1992లో."

"అది కాథలిక్కుల గొడవ. మేము లూథరన్లం."

"మీ లూథర్ మాత్రం తక్కువా? భోజనాల దగ్గర కోపర్నికస్‌ను వెర్రివాడి కింద జమకట్టాడని ఆయన శిష్యులే రాసిపెట్టారు."

బావ నవ్వాడు. "ఆ కోపర్నికస్‌ను బతిమాలి, పుస్తకం అచ్చుకు ఇప్పించిన రెటికస్ ఎవరు? లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్‌లో లెక్కల మాస్టారు. అది కూడా చెప్పు మరి."

నాకు తెలుసు. చెప్పకూడదనుకున్నాను.

రెండో రోజు: ఆదివారం

పొద్దున బావతో చర్చికి వెళ్ళాను. పాటలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, నమ్మకం పోయినా రాగం పోలేదు. ఆరాధన అయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు బావ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు, రాత్రి భోజనం గ్రహణానికి ముందే చేయాలా అయ్యగారూ అని. బావ మొహం చూడాలి. నేను కల్పించుకోలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని.

మధ్యాహ్నానికి ఊరి తీరు మారిపోయింది. గుళ్ళ తలుపులు మూసుకున్నాయి. శ్రీకాళహస్తి మాత్రం మూయరు, అక్కడ రాహుకేతువులకే పూజ కాబట్టి గ్రహణవేళ అభిషేకాలు చేస్తారు. ఒకే గ్రహణం, ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో రెండు ఆచారాలు. మా లాడ్జిలో వంటగది కూడా మూసేశారు. ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బయట తినివచ్చేవాళ్ళం. కౌంటరులో కుర్రాణ్ణి గట్టిగా అడిగితే, "మాస్టరు ఇంటికి వెళ్ళిపోయాడు సార్, నేను కూడా తినలేదు," అన్నాడు. వాడి మీద ఇంకేమి కోప్పడతాం?

మేనకోడలు ఎనిమిదింటికి డబ్బాలో పులిహోర, పెరుగన్నం తెచ్చింది. మూత తీస్తే పెరుగన్నం మీద రెండు గరిక పరకలు. అది ఉంటున్న ఇంటి యజమానురాలు పెట్టి పంపిందట. నేను నోరు తెరిచేలోపు బావ అన్నాడు, "మీ అమ్మమ్మ కూడా ఆవకాయ జాడీ మీద పెట్టేది, మరిచిపోయావా?" నిజమే. బాప్తిస్మం తీసుకున్న ఇల్లు, గోడ మీద ఏసుక్రీస్తు పటం, దాని కింద జాడీ, జాడీ మీద గరిక. మతం మారినా వంటిల్లు అంత తొందరగా మారదు. పరకలు తీసి పక్కన పెట్టి తిన్నాం.

పక్క గదిలో కడుపుతో ఉన్న అమ్మాయి, ఆమె అత్తగారు, భర్త. దర్శనం అయ్యాక ఇక్కడే చిక్కుకుపోయారు. కిటికీకి దుప్పటి కట్టి, అమ్మాయిని కదలకుండా పడుకోబెట్టారు. నేను ఆగలేకపోయాను. తలుపు కొట్టి, భూమి నీడ చంద్రుడి మీద పడటమే గ్రహణమని, ఆర్యభటుడు 499లోనే ఆ మాట రాశాడని, నీడ వల్ల కడుపులో బిడ్డకు ఏమీ కాదని పాఠం చెప్పాను. అత్తగారు శ్రద్ధగా విని, "మీకు మనవలు ఉన్నారా బాబూ?" అని అడిగింది. లేరన్నాను. తలుపు వేసుకుంది. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, అంత సూటి జవాబు క్లాసులో ఎన్నడూ రాలేదు.

రాత్రి పది కావస్తుండగా డాబా ఎక్కాం. మబ్బులు వచ్చి పోతున్నాయి. తిరుమల కొండ నల్లగా అడ్డంగా పడుకుని ఉంది, దారి దీపాలు మాత్రం మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. చంద్రుడి అంచు మసిబారడం మొదలైంది. నీడ అంచును నేను ఎన్నోసార్లు నల్లబల్ల మీద గీశాను, అయినా చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. అది గుండ్రంగా ఉంటుంది. చంద్రుడి గుండ్రం కాదు, దానికంటే ఎంతో పెద్ద గుండ్రంలో ఒక ముక్క. భూమి గోళమని చెప్పడానికి అరిస్టాటిల్ చూపించిన సాక్ష్యం ఆ వంపే. ఏ పరికరమూ అక్కరలేదు, డాబా ఉంటే చాలు.

"సిలువ వేసిన రోజు మధ్యాహ్నం చీకటి కమ్మిందని లూకా రాశాడు," అన్నాను. "సూర్యగ్రహణమని సరిపెట్టుకుంటారా మీరు?"

"కుదరదు," అన్నాడు బావ వెంటనే. "సిలువ వేసింది యూదుల పస్కా పండుగప్పుడు. అది పౌర్ణమి నాడు. పౌర్ణమికి సూర్యగ్రహణం పట్టదు. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ ఆ మాట అన్నాడు. గ్రహణమని రాసిన వాణ్ణి తప్పుపట్టాడు. ఆయన క్రైస్తవుడే."

"మరి ఏమిటది?"

"ఆయన అద్భుతమన్నాడు. నేనూ అంతే అంటాను. నువ్వు కథ అంటావు. గ్రహణం కాదనే దాకా మాత్రం ముగ్గురం కలిసే నడిచాం కదా."

ఇది నాకు నచ్చింది, పైకి అనలేదు. చివరి అడుగు దగ్గర విడిపోవడం వేరు, మొదటి అడుగే వేయనని కూర్చోవడం వేరు. నా జీవితంలో సగం వాదాలు ఈ రెంటినీ ఒకటే అనుకుని చేశాను.

పదకొండు దాటాక చంద్రుడు పూర్తిగా మునిగి, కాలిన ఇటుక రంగు తేలాడు. 82 నిమిషాల సంపూర్ణ గ్రహణం. ఆ ఎరుపు ఎక్కడిదో మేనకోడలు చెప్పింది. భూమి చుట్టూ ఉన్న గాలి సూర్యకాంతిని వంచి నీడలోకి పంపుతుంది, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ క్షణంలో భూమి మీద ఉన్న ఉదయాలు, సాయంత్రాలు అన్నీ కలిసి అక్కడ పడుతున్నాయన్నమాట. గాలి పైపొరల్లో ధూళి ఎక్కువైతే ఎరుపు కూడా రాదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలింది, మరుసటి ఏడాది డిసెంబరు గ్రహణంలో చంద్రుడు దాదాపు కనిపించకుండా పోయాడు. "చంద్రుణ్ణి చూసి మన గాలి ఆరోగ్యం చెప్పవచ్చు మామయ్యా," అంది.

వెనక చెప్పుల చప్పుడైంది. పక్క గది అత్తగారు. కొంగు తలమీద కప్పుకుని, ఒక్క నిమిషం పైకి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా దిగిపోయింది.

మూడో రోజు: సోమవారం

చిత్తూరు రోడ్డులో గాదంకి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇక్కడే, అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. మేనకోడలు ముందే అనుమతి తీసుకుంది. చుట్టూ గుట్టలు, మధ్యలో పళ్ళెంలాంటి లోయ. బయటి రేడియో గోల లోపలికి రాకుండా గుట్టలు కాస్తాయని ఈ చోటు ఎంచుకున్నారు. 130 మీటర్లు పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1024 యాంటెన్నాలు వరసగా నిలబడి ఉంటాయి. వెనకటి రోజుల్లో డాబాల మీద ఉండే టీవీ యాంటెన్నాలు బడిలో ప్రార్థనకు నిలుచున్నట్టు. ఈ పోలిక బావది, నాది కాదు.

ఇది గాలిని కొలిచే రాడారు. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నిటారుగా పైకి పంపుతారు. మేఘం లేకపోయినా, వాన లేకపోయినా, గాలి సుడుల్లో వక్రీభవనంలో వచ్చే చిన్న తేడాల నుంచి ఏ కొంచెమో వెనక్కి వస్తుంది. పంపేది మెగావాట్లలో, వచ్చేది అంతా గోలలో మునిగిపోయిన గుసగుస. "ఇందులో ఏది గాలి, ఏది గోల అని తేల్చుకోవడమే నా ఉద్యోగం," అంది మేనకోడలు. "నాకు కావలసిన చోట గాలి కనిపించినప్పుడే ఎక్కువ అనుమానించాలి."

దాని మెడలో చిన్న సిలువ. నేను అడగనే అడిగాను, ఇదీ అదీ ఎలా కుదురుతాయని. దానికి కోపం వచ్చింది.

"మామయ్యా, ఈ ప్రశ్న నన్ను మాత్రమే అడుగుతారు. బొట్టు పెట్టుకుని వచ్చేవాళ్ళను ఎవరూ అడగరు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరబోయే ముందు దాని నమూనా తిరుమలకు తీసుకువెళతారు, మీరందరూ టీవీలో చూస్తారు. అది సంప్రదాయం. నేను ప్రార్థన చేసుకుంటే మాత్రం వైరుధ్యం."

నా దగ్గర జవాబు లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో 51-ఎ చేర్చారు. ఆ వాక్యం నేను ఎన్ని సభల్లో చదివానో లెక్కలేదు. అది అందరికీ సమానంగా వర్తిస్తుందని చదివానే గానీ, సమానంగా అడిగానా? లేదనుకుంటాను.

క్యాంటీనులో పెరుగు వడ తింటూ లెమైత్ర్ గురించి మాట్లాడుకున్నాం. ఈయనంటే నాకు గౌరవం. బెల్జియం కాథలిక్ పూజారి, విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాశాడు, అంతా ఒక ఆదిమ పరమాణువుతో మొదలై ఉండాలని 1931లో అన్నాడు. సృష్టి కథకు దగ్గరగా ఉందని అనుమానించినవాళ్ళు ఉన్నారు. 1951లో పోపు పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికర్తకు సాక్ష్యంగా చూపినప్పుడు, అలా ముడిపెట్టవద్దని కోరినవాడు లెమైత్రే. తన లెక్క దేవుడికి సాయం చేయడానికి కాదు, అడ్డం పెట్టడానికీ కాదు. 1965లో ఇద్దరు అమెరికన్లు తమ యాంటెన్నాలో వదలని గోల ఒకటి ఉందని ప్రకటించారు, అది ఆ తొలి వేడిమి మిగులే అని మరో బృందం వివరించింది. ఆయన 1966లో చనిపోయే కొద్ది రోజుల ముందు ఆ కబురు ఆయనకు చేరింది.

"గోలలో నుంచే వచ్చింది కదా," అంది మేనకోడలు, తన కంప్యూటర్ తెర వైపు చూస్తున్నట్టు.

నాలుగో రోజు: మంగళవారం

భాకరాపేట ఘాటు, పీలేరు, వాయల్పాడు. పిల్ల కూడా సెలవు పెట్టి వచ్చింది. మదనపల్లె దగ్గరపడేకొద్దీ గాలి చల్లబడింది, రోడ్డు మీద టమోటా లారీలు ఎక్కువయ్యాయి. పాత చిత్తూరు జిల్లాలో ఈ చల్లదనం వల్లే శానటోరియం ఇక్కడికి వచ్చింది.

ముందు బిసెంట్ కళాశాల. అనీ బిసెంట్ 1915లో పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల. 1919 ఫిబ్రవరిలో టాగోర్ ఇక్కడ ఉండగానే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ సంగతి తక్కువమందికి తెలుసు. ఆంగ్లికన్ పాదిరీ భార్య. పసిబిడ్డ కోరింత దగ్గుతో గిలగిలలాడటం చూసి, ఇదేమి దేవుడని ప్రశ్నించింది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు వెళ్ళనంది, 1873లో భర్తను వదిలింది. నాస్తిక నాయకుడు బ్రాడ్లాతో కలిసి నాస్తికోద్యమంలో తిరిగింది. కుటుంబ నియంత్రణ పుస్తకం అచ్చువేసినందుకు 1877లో బోనెక్కింది, కూతురిని కూడా కోర్టు ఆమె దగ్గర ఉంచనివ్వలేదు. ఇంత పోగొట్టుకున్న మనిషి 1889లో ఆధ్యాత్మిక సంస్థ అయిన దివ్యజ్ఞాన సమాజంలో చేరింది.

బావ కళ్ళు మెరిశాయి. "చూశావా, నాస్తికత్వం మధ్యలో స్టేషను. టీ తాగి మళ్ళీ ఎక్కేస్తారు."

"ఇదే ఊళ్ళో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి రైలే దిగిపోయాడు," అన్నాను. జగద్గురువని ఆవిడ నిలబెట్టిన పిల్లవాడు, తన కోసం పెట్టిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్' సంఘాన్నే 1929లో రద్దుచేశాడు. బావ కాసేపు ఏమీ అనలేదు. ఈ ఒక్క పాయింటు నాది.

ఆరోగ్యవరం ఊరికి కొంచెం అవతల, చెట్ల మధ్య. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ మిషనరీ వైద్యుడు, అనేక మిషన్లు కలిసి పెట్టిన ఈ ఆసుపత్రిని మొదటినుంచీ నడిపాడు. 1915 నుంచి ఇక్కడే. మందు లేని కాలం. కోచ్ 1882లో క్రిమిని చూపించాడు గానీ దాన్ని చంపేది ఇంకా రాలేదు. విశ్రాంతి, వరండాలో చల్లగాలి, పాలు, గుడ్లు, అంతే. పొడవాటి వరండాలు చూశాక అర్థమైంది, నాయనమ్మ మంచం ఇలాంటి చోటే ఉండి ఉంటుంది.

వేపచెట్టు కింద అరుగు మీద బావ అట్ట బయటికి తీశాడు. పోస్టుకార్డుకు రెండింతలు, గోధుమ రంగు, అంచులు పురుగు కొట్టినవి. నీలి సిరాలో తేదీలు, ఎదురుగా బరువు పౌండ్లలో. 1949 ఫిబ్రవరిలో 79. జూలై చివరికి 88. ఆగస్టు దగ్గర ఎర్ర సిరాలో 'స్ట్రెప్టో' అని. 1950 మార్చిలో 104. వెనకవైపు పెన్సిలుతో, చెరిగిపోతూ, కీర్తనల్లోని ఒక వచనం.

మా ఇళ్ళల్లో ఇది పాత తగాదా. ప్రార్థన కాపాడిందని బావ వైపు, సూదిమందు కాపాడిందని నేను. అట్ట చూశాక నా గొంతు కాస్త తగ్గింది. సూదిమందు మొదలయ్యే ముందే తొమ్మిది పౌండ్లు పెరిగింది. 1948లో అచ్చయిన బ్రిటిష్ పరీక్ష నాకు కంఠతా వచ్చు. 55 మందికి స్ట్రెప్టోమైసిన్, 52 మందికి విశ్రాంతి మాత్రమే, ఎవరికేదో చీటీల లెక్కన. ఆరు నెలల్లో మందు వాడినవాళ్ళలో నలుగురు, వాడనివాళ్ళలో పద్నాలుగురు పోయారు. మందు గొప్పదే. అయితే మిగిలిన 38 మంది మందు లేకుండానే ఆరు నెలలు నిలిచారు కదా. నాయనమ్మ ఏ లెక్కలోదో ఒక్క అట్ట చూసి నేను ఎలా చెప్పను? నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చాను.

బావ కూడా గెలిచినట్టు మాట్లాడలేదు. "ఆ వరండాలో ప్రార్థన చేయనివాళ్ళు ఎవరుంటారు? పోయినవాళ్ళూ చేశారు," అన్నాడు.

ఈ ఆసుపత్రి గురించి నాకు బాగా నచ్చింది వేరే ఉంది. ఫ్రిమోట్ మోలర్ కొడుకు, ఆయనా వైద్యుడే, ఇక్కడే 1950లలో చుట్టుపక్కల ఊళ్ళలో, క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా పరీక్ష జరిపాడు. టీకా ఆశించినంత కాపాడలేదని అంకెలు తేల్చాయి. దాచలేదు, అచ్చువేశారు. మద్రాసులో 1956లో మొదలై 1959లో వెలువడిన పరీక్ష ఇంకా గట్టి దెబ్బ: ఇరుకు ఇళ్ళలో, అరకొర తిండితో మందులు మింగినవాళ్ళూ, శానటోరియంలో పడుకున్నవాళ్ళూ ఇంచుమించు ఒకే తీరున కోలుకున్నారు. అంటే ఈ వరండాలు, ఈ గాలి, ఈ గుడ్లు ఇక తప్పనిసరి కావు. మంచాలన్నీ బైబిలు చదివి వేసినవే కావచ్చు, లెక్క వాటికి వ్యతిరేకంగా వచ్చినప్పుడు లెక్కకే మాట దక్కింది. నాస్తికుల సభల్లో నేను ఇంతకంటే తక్కువ ధైర్యం చాలాసార్లు చూశాను. నాలోనూ.

తిరుగు బస్సులో బావ నిద్రపోయాడు. మేనకోడలు అట్టను ఫోనులో ఫోటో తీసుకుని, ల్యాప్‌టాప్‌లో అంకెలు ఎక్కించి గ్రాఫు గీస్తోంది. అలవాటు. పీలేరు దాటాక తండ్రిని లేపింది.

"నాన్నా, మే నెలలో మూడు వారాలు బరువు రాయలేదేమిటి?"

బావ కళ్ళు నులుముకుని తెర వైపు చూశాడు. "పక్క మంచం అమ్మాయి పోయింది అప్పుడే. ఆ తర్వాత కొన్నాళ్ళు తూకం ఎక్కనని మొండికేసిందట మా నాయనమ్మ."

పిల్ల కాసేపు ఆగింది. ఆ రెండు చుక్కల మధ్య గీత కలపకుండా అలాగే వదిలేసి, ఫైలు దాచింది.